చిన్నపిల్లలకా, ఉద్యోగస్థులకా? వియత్నాంలో ఇంగ్లీషు చెప్పబోతున్నాను, సలహా కావాలి

బుచ్చి అమ్మాయి:

నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం. ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఇడి. చదివాను. నాలుగేళ్లుగా నెల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. వియత్నాంలో రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు చెప్పే సెంటరు, అక్కడ జీతం కాస్త ఎక్కువ. రెండోది ఉద్యోగస్థులకు సాయంత్రం తరగతులు నడిపే సెంటరు.

నాకు చిన్నపిల్లలంటే ప్రాణం. మా అన్న కూతురికి ఐదేళ్లు, ఆదివారం వస్తే రోజంతా నా కొంగు వదలదు. కానీ అంతటి పిల్లలను ఇరవై మందిని ఒక గదిలో పెట్టుకుని ఎప్పుడూ పాఠం చెప్పలేదు. అమ్మేమో “ఇంటర్ వాళ్లకు చెప్పినదానివి, మళ్లీ అక్షరాల దగ్గరికి పోతావా” అంటోంది. ఈ నెలాఖరులోగా జవాబు ఇవ్వాలి. అక్కడ పనిచేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సింగరాయకొండ:

చెల్లీ, నేను వియత్నాంలోని హైఫాంగ్‌లో ఐదేళ్లు పనిచేసి పోయిన వేసవిలో ఇంటికి వచ్చాను. మొదటి రెండేళ్లు నీకు పిలుపు వచ్చినటువంటి పిల్లల సెంటరే. తర్వాత పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వారికి, చివరి ఏడాది పెద్దలకు చెప్పాను.

పిల్లలంటే ప్రాణం అన్న మాటను కాసేపు పక్కన పెట్టు. అన్న కూతురు నీ ఒళ్లో కూర్చుని కథ వినడం వేరు, ఇరవై మందిని ముప్పావుగంట పాటు నీ వైపు తిప్పుకోవడం వేరు. ఆ వయసు పిల్లలు ఒక పని మీద అయిదారు నిమిషాలకు మించి నిలవరు. పాట, బొమ్మల కార్డులు, లేచి గెంతడం, రంగులు వేయడం, మళ్లీ పాట. ఒక్క తరగతికి ఎనిమిది పనులు సిద్ధం చేసుకుని వెళ్లాలి. ఇంటర్ తరగతిలో కష్టమైన మాట వస్తే మనం చటుక్కున తెలుగులోకి దిగుతాం కదా. అక్కడ దిగడానికి మెట్టు ఉండదు. ‘నిలబడు’ అని ఇంగ్లీషులో చెప్పి నువ్వు నిలబడితేనే వాళ్లు నిలబడతారు.

ఇక నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మనది అజంత భాష. మాట ఏదైనా చివర అచ్చుతో ముగిస్తేనే మనకు నోరు తృప్తిపడుతుంది. వియత్నాం పిల్లలది దీనికి సరిగ్గా తిరగేసిన ఇబ్బంది. వాళ్లు ఇంగ్లీషు మాటల చివరి హల్లును మింగేస్తారు. ‘హౌస్’ వాళ్ల నోట ‘హౌ’ అవుతుంది, ‘ఫైవ్’ అంటే ‘ఫై’. నేను చేరిన మూడో వారంలో బస్సు బొమ్మ చూపించి మాట పలికాను. ముందు వరుసలో ఒక పిల్లవాడు నా పెదవుల వైపే కన్నార్పకుండా చూసి, స్పష్టంగా “బస్సు” అన్నాడు. వెంటనే తరగతి అంతా “బస్సు, బస్సు” అని అందుకుంది. అచ్చం మా ఊరి బస్టాండులో వినిపించే మాట. ఆ రాత్రి గదిలో నా గొంతు ఫోనులో రికార్డు చేసుకుని విన్నాను. ప్రతి మాట చివరా ఒక చిన్న ‘ఉ’ ఉంది. ఇరవై ఆరేళ్లలో నా చెవికి అది ఎప్పుడూ అందలేదు.

పెద్దలైతే “ఎందుకలా?” అని అడుగుతారు, ఇతరుల ఉచ్చారణతో పోల్చి సరిచేసుకుంటారు. అయిదేళ్ల పిల్ల అడగదు, నీ నోట్లో ఉన్నదంతా తీసేసుకుంటుంది. ఆ వయసుకు పాఠ్యపుస్తకం నీ నోరే. ఆ తరగతి నోటి నుంచి ఆ ‘ఉ’ పోవడానికి వాళ్ల కొత్త సంవత్సరం టెట్ పండుగ వరకూ పట్టింది. నేను దానికోసం రోజూ అద్దం ముందు కూర్చునేదాన్ని. అ ఆల దగ్గరికి పోవడం చిన్న పని అని అమ్మ అనుకుంటోంది కాబట్టి ఇది ఆమెకు కూడా చదివి వినిపించు.

పెద్దల సంగతి. మా తరగతిలో ఓడరేవు ఉద్యోగులు, ఫ్యాక్టరీ ఇంజినీర్లు ఉండేవారు. పది గంటలు పనిచేసి, అన్నం తిన్నారో లేదో, ఏడింటికి వచ్చి కూర్చుంటారు. వాళ్లకు కావలసింది ఒక ఈమెయిలు, ఒక ఇంటర్వ్యూ. గౌరవం బాగా ఇస్తారు. అక్కడ టీచరమ్మను ‘కో’ అంటారు, యాభై ఏళ్ల మనిషి కూడా నన్ను అలాగే పిలిచేవాడు. ఆయన నాలుగు నెలల పాటు నోరు విప్పలేదు, తన కింద పనిచేసే కుర్రవాడు పక్క బెంచీలో ఉండడమే కారణం. ఇద్దరినీ వేర్వేరు తరగతుల్లో వేయించాక మాట్లాడాడు. నీ ఇంటర్ అనుభవం ఇక్కడ బాగా పనికొస్తుంది. కానీ వానొచ్చినా, ఓవర్ టైం పడినా పన్నెండు మందికి అయిదుగురే వస్తారు. తరగతి రద్దయితే ఆ గంటకు డబ్బు ఇస్తారో లేదో ఒప్పందంలో చూసుకో.

నన్ను అడిగితే పదకొండు, పద్నాలుగేళ్ల మధ్యవారు. చదవగలరు, కారణం చెబితే వింటారు, సిగ్గు ఇంకా పూర్తిగా పట్టుకోలేదు. నిన్ను పిలిచిన పిల్లల సెంటరులో అలాంటి తరగతులు ఉన్నాయేమో అడుగు.

ఇంకొకటి. డిగ్రీ ధ్రువీకరణ, బోధన సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్ష లేకుండా వర్క్ పర్మిట్ రాదు. ముందు టూరిస్టు వీసా మీద వచ్చెయ్, తర్వాత చూద్దాం అనేవారి మాట మాత్రం వినకు.

ఒంగోలు మాస్టారు:

అమ్మా, మేడమ్ చెప్పినవన్నీ నిజమే. ఒక్క చోట నా అభిప్రాయం వేరు. నేను మాల్దీవుల్లో ఒక చిన్న ద్వీపంలో తొమ్మిదేళ్లు బడిపంతులుగా ఉన్నాను. ఎనిమిది నుంచి పది తరగతులు చెప్పేవాడిని. నీకు బి.ఇడి. ఉంది. అలాంటప్పుడు సెంటర్లే ఎందుకు, బడుల కోసం చూడు. మాల్దీవుల్లో మన దేశపు టీచర్లు కొత్త కాదు. పదిహేనేళ్ల పిల్లలకు చెప్పడం నీకు చేతనైన పని, దాన్ని వదులుకోవద్దు. సెంటరులో కోర్సు ముగియగానే పిల్లలు మారిపోతారు. బడిలో మూడేళ్లు ఒకే పిల్ల ఎదగడం చూస్తావు.

చిన్నపిల్లల కష్టం గురించి ఒక మాట. మాల్దీవుల వాళ్ల దివేహి భాషను తానా లిపిలో కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఒకటో తరగతి చెప్పే మా సహోద్యోగిని ఇంగ్లీషు నోటుపుస్తకాలు తెరిస్తే కొందరు కుడి అంచు నుంచి మొదలుపెట్టి ఉండేవారు. ఆమె ప్రతి పేజీలో ఎడమ అంచున చిన్న ఆకుపచ్చ చుక్క పెట్టేది. ఏడాది పొడవునా, ముప్పై పుస్తకాల్లో. అంత ఓపిక నీలో ఉంటేనే చిన్న తరగతులు తీసుకో.

కావలి:

సెల్టా అనే ఇంగ్లీషు బోధన సర్టిఫికెట్ కోర్సు చేద్దామనుకుంటే ఒక విషయం తెలుసుకోండి. నూట ఇరవై గంటల ఆ కోర్సులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, ఆ విద్యార్థులు పెద్దలు. అది చేతిలో పెట్టుకుని నాలుగేళ్ల పిల్లల గదిలోకి వెళ్తే చాలా సంగతులు కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది. డబ్బు కట్టేముందు మీ ఊళ్లోనే ఏదైనా బడిలో అడిగి, యూకేజీ గదిలో మూడు రోజులు కూర్చోండి.

బుచ్చి అమ్మాయి:

అందరికీ కృతజ్ఞతలు. కావలి గారు చెప్పినట్లే మా వీధి చివర బడిలో మూడు రోజులు యూకేజీకి వెళ్లాను. మొదటి రోజు పది నిమిషాలకే నేను తెచ్చుకున్నదంతా అయిపోయింది. మూడో రోజు పదకొండు పనులు రాసుకుని వెళ్తే ఏడు సరిపోయాయి. అలసిపోయాను కానీ ఇంటికి వచ్చాక మళ్లీ వెళ్లాలనిపించింది. సెంటరువాళ్లను అడిగాను అక్కా, శని, ఆదివారాల్లో పన్నెండేళ్ల వారి తరగతులు రెండు ఉన్నాయట, మొదటి ఆరు నెలల తర్వాత ఇస్తామన్నారు. ఆ మాట కాగితం మీద పెట్టమన్నాను. మాస్టారూ, బడుల గురించి కూడా వెతుకుతున్నాను.

ఫోనులో నా గొంతు కూడా విన్నాను. ‘మిల్క్’ అన్నాననుకున్నాను, ‘మిల్కు’ అని వినిపించింది. ఎలా పోగొట్టుకోవాలి?

సింగరాయకొండ:

అరచెయ్యి పెదవుల ముందు పెట్టుకుని ఆ మాట అను. చివర గాలి తగలాలి, గొంతు మాత్రం మోగకూడదు. మరో చేతి వేలు గొంతు మీద ఉంచితే తేడా తెలిసిపోతుంది. రోజుకు ఇరవై మాటలు చాలు, మీ అన్న కూతురిని కూడా పక్కన కూర్చోబెట్టుకో.