జైలు నుంచి వచ్చిన నిరాశ్రయులకు ఇల్లు చూపించే సంస్థకు డబ్బిద్దామనుకుంటున్నాం. పని జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పద్మ_కొలంబస్

అందరికీ నమస్కారం. మేం ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ఏటా దసరాకి డబ్బు పోగుచేసి ఊళ్ళో ఏదో ఒక సేవాసంస్థకి ఇస్తుంటాం. ఈసారి ఒక చిన్న సంస్థ మమ్మల్ని అడిగింది. జైలు నుంచి విడుదలై, వెళ్ళడానికి ఇల్లంటూ లేనివాళ్ళకి అద్దె అపార్ట్‌మెంట్ చూపించి, తోడుగా కేస్ మేనేజర్‌ని (ఒక్కొక్కరి అవసరాలూ దగ్గరుండి చూసుకునే ఉద్యోగిని) పెడతారు. తమ దగ్గర చేరినవాళ్ళలో చాలా కొద్దిమందే మళ్ళీ జైలుకి వెళ్ళారని బ్రోషర్‌లో రాశారు.

మా గ్రూపులో రెండు వాదనలు నడుస్తున్నాయి. "కష్టపడి బతికేవాళ్ళకే ఇల్లు దొరకట్లేదు, తప్పు చేసి వచ్చినవాళ్ళకి ముందు ఎందుకు?" అని కొందరు. బ్రోషర్ చూడగానే చెక్కు రాసేద్దామని ఇంకొందరు. నాకు ఇవ్వాలనే ఉంది. కానీ నలుగురి డబ్బు కదా, ఏం అడగాలో, ఏ కాగితం చూడాలో తెలియాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళు, దగ్గర నుంచి చూసినవాళ్ళు చెప్పండి.

లెక్కల_శేఖర్

పద్మ గారూ, నేను ఒక కౌంటీ ఆరోగ్య శాఖలో డేటా పని చేస్తాను. బ్రోషర్‌లో రాసింది నిజమే అయ్యుండొచ్చు. కానీ "మా వాళ్ళలో కొద్దిమందే జైలుకి వెళ్ళారు" అనే మాట పక్కన, అలాంటి పరిస్థితిలోనే ఉండి ఇల్లు దొరకనివాళ్ళు ఎంతమంది వెళ్ళారన్నది కూడా ఉండాలి. వయసు మీద పడేకొద్దీ చాలామంది ఏ సాయమూ లేకుండానే జైలుకి వెళ్ళడం మానేస్తారు. పైగా ఇంటర్వ్యూ చేసి, కాస్త నెమ్మదిగా ఉన్నవాళ్ళనే ఏరి తీసుకుంటే ఫలితం ముందే తేలిపోయినట్టు.

న్యూయార్క్‌లో 2006లో ఫ్యూజ్ అని ఒక కార్యక్రమం మొదలైంది. జైలు రికార్డుల్ని, షెల్టర్ రికార్డుల్ని కలిపి చూసి, ఐదేళ్ళలో జైలుకి కనీసం నాలుగుసార్లు, షెల్టర్‌కి కనీసం నాలుగుసార్లు వెళ్ళినవాళ్ళని గుర్తించి ఇళ్ళిచ్చారు. కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు దాని రెండో విడతని పరిశీలించారు. ఏడాది తర్వాత ఇల్లిచ్చిన గుంపులో 91 శాతం మంది శాశ్వత నివాసంలో ఉన్నారు, ఇవ్వని గుంపులో 28 శాతం. రెండేళ్ళకి అవి 86, 42 అయ్యాయి. ఇల్లివ్వని గుంపులో కూడా 28 నుంచి 42కి పెరిగింది చూడండి. పోలిక లేకపోతే అలా దానంతటదే పెరిగినదాన్ని కూడా సంస్థ తన ఖాతాలో వేసేసుకుంటుంది.

మీ రాష్ట్రంలోనే 'రిటర్నింగ్ హోమ్ ఒహాయో' అని ఇలాంటి కార్యక్రమమే 2007లో పెట్టారు. కొలంబస్, క్లీవ్‌లాండ్, సిన్సినాటి లాంటి ఊళ్ళలో, మానసిక అనారోగ్యమో ఇంకే వైకల్యమో ఉండి, ప్రిజన్ (పెద్ద శిక్షలు పడ్డవాళ్ళుండే జైలు) నుంచి బయటికొస్తే ఇల్లు లేనివాళ్ళ కోసం. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పోల్చిన గుంపు కంటే వీళ్ళు మళ్ళీ అరెస్టయ్యే అవకాశం 40 శాతం తక్కువ, మళ్ళీ ప్రిజన్‌కి వెళ్ళే అవకాశం 61 శాతం తక్కువ. ఒక్కో గుంపులో నూట ఇరవై మంది దాకానే ఉన్నారు, అది గుర్తుపెట్టుకుని చదవండి.

సుధ_డెన్వర్

శేఖర్ గారు డెన్వర్ సంగతి వదిలేశారు, అది నేను చెప్తాను. ఇక్కడ ఇలా ఇళ్ళిచ్చే కార్యక్రమం 2016లో మొదలుపెట్టారు. మూడేళ్ళలో కనీసం ఎనిమిదిసార్లు అరెస్టయ్యి, ఉండడానికి చోటు లేనివాళ్ళు దీనికి అర్హులు. అర్హులు ఎక్కువ, ఇళ్ళు తక్కువ. అందుకని లాటరీ తీశారు. 724 మందిలో 363 మందికి ఇల్లిచ్చే దారి, మిగతా 361 మందికి ఊళ్ళో మామూలుగా దొరికే సాయం. ఎవర్నీ ఏరుకోలేదు కాబట్టి "మంచివాళ్ళని తీసుకున్నారు" అనడానికి వీల్లేదు.

మూడేళ్ళలో, తగలని గుంపుతో పోలిస్తే, లాటరీ తగిలిన గుంపుకి అరెస్టులు 40 శాతం తగ్గాయి, జైల్లో గడిపిన రోజులు 27 శాతం తగ్గాయి. మత్తు దింపడానికి తీసుకెళ్ళే డీటాక్స్ కేంద్రాలకి వెళ్ళడం 65 శాతం తగ్గింది. ఇంట్లో చేరినవాళ్ళలో మూడేళ్ళ తర్వాత కూడా 77 శాతం మంది ఇంటిపట్టున ఉన్నారు. తాగడం మానేస్తేనే ఇల్లు అనే షరతు ఇక్కడ లేదు. ముందు తాళంచెవి, తర్వాత మిగతావి.

నేను ఇలాంటి ఇళ్ళకి సామాను సర్దే వాలంటీర్లలో ఒకదాన్ని. లోపలికెళ్ళి చూస్తే కష్టం ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. నేను చూసినంతలో పెద్ద సమస్య చుట్టాలూ స్నేహితులూ. వీధిలో పదేళ్ళు కలిసి పడుకున్నవాళ్ళు చలికాలంలో తలుపు తడితే లోపలికి రావద్దని ఎవరనగలరు? ఇద్దరొస్తారు, నలుగురవుతారు, లీజులో అతిథుల నిబంధన దాటుతుంది, యజమాని నోటీసు ఇస్తాడు. మంచి కేస్ మేనేజర్ అయితే నోటీసు రాకముందే కూర్చుని మాట్లాడతారు. అవసరమైతే ఆ ఇల్లు మర్యాదగా ఖాళీ చేయించి, ఇంకోచోట చూపిస్తారు. కాబట్టి పద్మా, ఆ సంస్థని అడగాల్సిన మొదటి ప్రశ్న నా దృష్టిలో ఇది: ఇల్లు పోయినవాడికి రెండో ఇల్లు చూపిస్తారా, లేక "వెళ్ళిపోయాడు" అని రాసి ఫైలు మూసేస్తారా?

పద్మ_కొలంబస్

సుధ గారూ, థ్యాంక్స్ అండీ. ఒక సందేహం. అరెస్టులు తగ్గాయంటే మనిషి మారాడనా, లేక ఇంట్లో ఉన్నాడు కాబట్టి పోలీసుల కంట పడలేదనా? మా గ్రూపులో ఒకాయన ఇదే అడిగారు.

సుధ_డెన్వర్

రెండోది చాలావరకు నిజం, కానీ దాన్ని తక్కువ చేసి చూడకండి. డెన్వర్‌లో బయట గుడారం వేసుకుని పడుకోవడం 2012 నుంచే నేరం. 2024 జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో సుప్రీం కోర్టు కూడా ఊళ్ళు ఇలాంటి చట్టాలు అమలు చేసుకోవచ్చని తీర్పిచ్చింది. పడుకున్నందుకు, ఎవరిదో ఆవరణలో కూర్చున్నందుకు, బయట తాగినందుకు జరిగే అరెస్టులే ఎక్కువ. అదే పని మనం మన ఇంట్లో చేస్తే ఎవరూ అడగరు. తలుపున్న మనిషికి ఆ కేసులు పడవు. అందుకే అరెస్టుల లెక్క ఒక్కటే చూస్తే ఊళ్ళో పోలీసులు ఎలా ఉన్నారన్నది కూడా అందులో కలిసిపోతుంది. ఎన్ని నెలలు సొంత పేరున ఉన్న లీజులో నిలబడ్డాడన్నది దానికంటే నమ్మదగ్గ లెక్క.

వెంకట్_డాలస్

నేను సూటిగా అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. దీనివల్ల ప్రభుత్వానికి డబ్బు ఆదా అవుతుందని ప్రతి సంస్థా చెప్తుంది. నిజంగా అవుతుందా?

లెక్కల_శేఖర్

వెంకట్ గారూ, డెన్వర్ నివేదికలో దీనికి నిజాయితీగా జవాబిచ్చారు. ఒక మనిషికి ఏటా ఇంటికీ సేవలకీ అయ్యే ఖర్చులో దాదాపు సగం మాత్రమే జైలు, పోలీసు, అంబులెన్స్, ఎమర్జెన్సీ లాంటివాటిలో మిగిలింది. మిగతా సగం నికరమైన ఖర్చే. అక్కడ ప్రైవేటు పెట్టుబడిదారులు 86 లక్షల డాలర్లు ముందే పెట్టారు. ఇళ్ళలో మనుషులు నిలబడటం, జైలు రోజులు తగ్గడం, ఈ రెండూ చూసి వాళ్ళ డబ్బు సిటీ ప్రభుత్వం తిరిగిచ్చింది.

నా అభిప్రాయం చెప్పమంటే, "మొత్తం ఖర్చు తిరిగొచ్చేస్తుంది" అనే సంస్థని ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. "సగం తిరిగొస్తుంది, మిగతా సగానికి ఒక మనిషికి ఇల్లొస్తుంది" అనేవాళ్ళతో మాట్లాడొచ్చు. ఆ మిగతా సగం పెట్టడం సరైనదా కాదా అన్నది లెక్కలతో తేలే విషయం కాదు, అది మీ గ్రూపు కూర్చుని తేల్చుకోవాలి.

శైలజ_నర్స్

లాస్ ఏంజిలెస్‌లో ఎమర్జెన్సీలో పనిచేస్తాను. ఇంతవరకు ఎవరూ అనని మాట ఒకటి చెప్పాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రిజన్ నుంచి విడుదలైనవాళ్ళ మీద 2007లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో చనిపోయే ప్రమాదం మామూలు జనం కంటే 12.7 రెట్లు ఎక్కువని తేలింది. ముఖ్య కారణం డ్రగ్ ఓవర్‌డోస్. లోపల ఉన్నన్నాళ్ళూ శరీరం అలవాటు తప్పుతుంది, బయటికి రాగానే పాత మోతాదే తీసుకుంటారు.

ఇప్పుడు ఆలోచించండి. విడుదలైన పదో రోజున చనిపోయిన మనిషి మళ్ళీ జైలుకి వెళ్ళడు. "మళ్ళీ జైలుకి వెళ్ళలేదు" అనే వరుసలో అతను విజయంగా నమోదవుతాడు! ఇది ఊహించి చెప్తున్న మాట కాదు, నేను చూసిన ఒక రిపోర్టులో చనిపోయినవాళ్ళకి విడిగా గడే లేదు. దయచేసి అడగండి: చేరినవాళ్ళలో ఎంతమంది చనిపోయారు? ఎప్పుడు, ఎలా? ఓవర్‌డోస్‌ని విరిచే నార్కాన్ స్ప్రే ప్రతి ఇంట్లో ఉందా? ఓపియాయిడ్ (హెరాయిన్ లాంటి మత్తు) అలవాటున్నవాళ్ళకి బుప్రినార్ఫిన్ లాంటి మందు జైలు గేటు దగ్గరే ఆగిపోకుండా ఎవరు చూస్తున్నారు? ఈ ప్రశ్నకి తడబడకుండా జవాబు చెప్పగలిగే సంస్థకి నేనైతే ఇంకేమీ చూడకుండా డబ్బిస్తాను.

రామకృష్ణ_రెంటల్స్

నాకు ఇటువైపు అనుభవం ఉంది. నాకున్న అద్దె ఇళ్ళలో ఒక డూప్లెక్స్‌ని ఇలాంటి కార్యక్రమానికి ఇస్తున్నాను. మొదట్లో మా ఆవిడ వద్దంది, టెన్షన్ పడింది, అది సహజం. అద్దె నెలనెలా సంస్థ నుంచే వస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. యజమానిగా నేను చూసేది ఒకటే, రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తే కేస్ మేనేజర్ ఎత్తుతారా లేదా. ఒక సంస్థతో అయితే ఏడాదిలో మనుషులు మారుతూనే ఉన్నారు, ఎవరికి ఫోన్ చేయాలో నాకే తెలిసేది కాదు. పాపం ఆ కిరాయిదారుకీ తెలిసేది కాదు. రెండోసారి కలిసిన సంస్థలో ఒకే అమ్మాయి మొదటి నుంచీ ఉంది. గోడకి చిల్లు పడ్డా, పక్కింటివాళ్ళు గొడవ చేసినా ముందు ఆమెకే ఫోన్. అక్కడ మనిషి నిలబడ్డాడు.

పద్మ గారూ, ఒక కేస్ మేనేజర్‌కి ఎంతమంది ఉన్నారు, వాళ్ళకి జీతమెంత, ఎన్నాళ్ళుగా ఉద్యోగంలో ఉన్నారు, ఇవి అడగండి. వీలైతే వాళ్ళకి ఇల్లిచ్చిన యజమానుల్లో ఒకరిద్దరితో మాట్లాడించమనండి. బ్రోషర్ కంటే వాళ్ళే ఎక్కువ చెప్తారు.

లాయర్_హైదరాబాద్

ఈ చర్చ చదువుతుంటే మన దగ్గర పరిస్థితి గుర్తొస్తోంది. నేను నాంపల్లి కోర్టుల్లో లీగల్ ఎయిడ్ కేసులు చూస్తాను. మన జైళ్ళలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. బెయిల్ వచ్చాక కూడా జామీను ఇచ్చేవాళ్ళు లేక లోపలే ఉండిపోయేవాళ్ళని రోజూ చూస్తాం. ఫుట్‌పాత్ మీద బతికేవాడికి అడ్రస్ ఏది, జామీను ఎవరిస్తారు? స్థానిక జామీనుదారు కావాలని పట్టుబట్టొద్దని 2023 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. అదే ఏడాది పేద ఖైదీల జామీను కోసం కేంద్రం పథకం కూడా పెట్టింది.

కానీ బయటికొచ్చాక ఎక్కడికెళ్ళాలి? తెలంగాణ జైళ్ళ శాఖ పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్ళకి కొందరికి పని దొరికింది, అది మంచి పనే. లక్ష జనాభాకి ఒక నైట్ షెల్టర్ ఉండాలని కోర్టు ఎప్పుడో చెప్పింది. షెల్టర్ అంటే రాత్రికి తల దాచుకునే చోటు. సొంత పేరు మీద గది ఇచ్చి, మూడేళ్ళ తర్వాత ఆ మనిషి ఎక్కడున్నాడని వెనక్కి తిరిగి చూసే ఏర్పాటు నాకైతే ఇక్కడ కనబడలేదు. మీరు అడగబోయే ప్రశ్నలు ఇక్కడ పోస్ట్ చేస్తే మేమూ వాడుకుంటాం.

మాధవి_సోషల్‌వర్క్

పద్మ గారూ, ఇంకొక్క విషయం. అమెరికాలో ఈ పని చేసేవాళ్ళకి బాగా తెలిసిన మెలిక ఇది, బయటివాళ్ళకి తెలియదు. హెచ్‌యూడీ (కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ) నిబంధనల్లో "దీర్ఘకాలిక నిరాశ్రయుడు" అనే గుర్తింపు ఉన్నవాళ్ళకే చాలా ఇళ్ళలో ముందు చోటిస్తారు. జైల్లో 90 రోజుల లోపు ఉంటే ఆ గుర్తింపు చెడదు. 90 రోజులు దాటితే ఆ కాలమంతా ఇల్లున్నట్టే లెక్క. పదేళ్ళు వీధిలో ఉన్న మనిషి నాలుగు నెలలు జైల్లో ఉండి వస్తే వరుసలో వెనక్కి పోతాడు! ఎస్‌ఎస్‌ఐ (పేద వృద్ధులకీ వికలాంగులకీ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) కూడా అంతే, జైల్లో ఉంటే ఆగుతుంది. వరసగా పన్నెండు నెలలు ఆగితే పూర్తిగా రద్దయి, మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి.

అందుకే మంచి సంస్థలు విడుదల రోజు దాకా ఆగవు. లోపల ఉండగానే వెళ్ళి కలుస్తాయి, ఐడీ కార్డు, బర్త్ సర్టిఫికెట్ తెప్పిస్తాయి, హెచ్‌యూడీ డబ్బు వర్తించనివాళ్ళకి వేరే డబ్బుతో అద్దె కడతాయి. మీలాంటి చిన్న గ్రూపుల విరాళం సరిగ్గా అక్కడే పనికొస్తుంది. 2025 జులైలో హౌసింగ్ ఫస్ట్ (షరతుల్లేకుండా ముందు ఇల్లిచ్చే) విధానానికి మద్దతు ఆపేయాలని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది కాబట్టి ఇకపై ఆ అవసరం ఇంకా పెరుగుతుంది.

పద్మ_కొలంబస్

అందరికీ చాలా థ్యాంక్స్. ఆ సంస్థ డైరెక్టర్‌ని వచ్చే శనివారం మా ఇంటికి పిలిచాం. ఎవరిని ఎలా ఎంచుకుంటారు, ఇల్లు పోతే ఏం చేస్తారు, ఎంతమంది చనిపోయారు, కేస్ మేనేజర్లు ఎన్నాళ్ళు ఉంటున్నారు, 90 రోజులు దాటినవాళ్ళ అద్దె ఎవరు కడుతున్నారు, ఇవి ముందే పంపించాను, అంకెలు తెచ్చుకోమని. రామకృష్ణ గారూ, యజమానులతో మాట్లాడేటప్పుడు ఇంకేమైనా అడగాలా?

రామకృష్ణ_రెంటల్స్

"లీజు అయిపోయాక మళ్ళీ వీళ్ళకే ఇస్తారా?" అని అడగండి. నేను రెండో సంస్థకి ఇచ్చాను, మొదటిదానికి ఇవ్వలేదు.