పాత షెవీ పికప్‌లో మార్చిన ఇంజన్ ఏదో కాస్టింగ్ నంబర్లతో తేల్చడం ఎలా?

హ్యూస్టన్_సి10: 1976 షెవ్రొలే సి10. ఇంజన్ ఎప్పుడో మార్చారు. అమ్మినాయన 350 (ఘనపు అంగుళాల్లో ఇంజన్ సైజు) అన్నారు, కాగితాలు లేవు. బ్లాక్ (ఇంజన్ ప్రధాన దిమ్మె) వెనక కాస్టింగ్ నంబరు, అంటే పోత పోసేటప్పుడే వచ్చే అంకె, 3970010 అని ఉంది. పోత తేదీ ‘1 14 8’లా కనిపిస్తోంది. ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్ వెనక, ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు కలిపే పళ్ల చక్రం), గ్యాస్కెట్లు ఆర్డర్ చేయాలి. ఈ నంబరు చాలా?

బోరింగ్_బార్: చాలదండీ. 3970010 బ్లాకులు 1969 నుంచి 1979 దాకా పోశారు. ఎక్కువ భాగం 350లే, కానీ 1969లో 302, 327 కూడా ఇదే బ్లాకుతో వచ్చాయి. మూడింటికీ బోరు (సిలిండర్ వ్యాసం) 4.000 అంగుళాలే. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) మాత్రం 302, 327, 350లకు వరుసగా 3.00, 3.25, 3.48గా మారుతుంది.

తేదీలో మొదటిది ఒకటి కాదు, ‘ఐ’ అక్షరం అయ్యుంటుంది. అక్కడ నెలకు అక్షరం వేస్తారు: జనవరికి ఏ, డిసెంబరుకు ఎల్. ఐ అంటే సెప్టెంబరు. అంటే సెప్టెంబరు 14, ఎనిమిదితో ముగిసే సంవత్సరం. 1988 కుదరదు, అప్పటికి ఈ బ్లాకు లేదు. 1968 అయినా కావాలి, 1978 అయినా కావాలి. సెప్టెంబరు 1968లో పోసింది 1969 మోడల్‌కు వెళ్తుంది కాబట్టి దాన్ని ఊరికే కొట్టేయలేం.

స్టాంప్_ప్యాడ్: ఆ చిక్కు విప్పేది ముందు వైపున్న స్టాంపు. ప్యాసింజర్ వైపు హెడ్ (సిలిండర్లపై మూత) ముందు, బ్లాకు మీద చదునైన చిన్న జాగా ఉంటుంది. ఆల్టర్నేటర్ అడ్డొస్తే బ్రాకెట్ వదులు చేసి పక్కకు జరపండి. జిడ్డును బ్రేక్ క్లీనర్‌తో, రంగును పెయింట్ రిమూవర్‌తో తీయండి. డ్రిల్లుకు వైర్ వీల్ పెట్టి మాత్రం రుద్దొద్దు. స్టాంపు లోతు చాలా తక్కువ, అరిగితే మళ్లీ రాదు. తర్వాత సుద్ద రుద్ది, టార్చి పక్క నుంచి కొట్టి ఫోటో తీయండి.

మొదటి అక్షరం ఫ్యాక్టరీ (వి అంటే ఫ్లింట్, టి అంటే టోనవాండా), తర్వాతి నాలుగంకెలు బిగించిన నెల, రోజు, ఆఖరున కోడ్ అక్షరాలు. 1969 దాకా కోడ్ రెండక్షరాలు, 1970 నుంచి మూడు. మీకు కావలసిన తేడా అదే. ఒకే కోడ్‌ను వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు బళ్లకు వాడారు, అందుకే పోత తేదీ పక్కన పెట్టుకునే చదవాలి.

అక్కడే బండి సీరియల్ నంబరు కూడా ఉండొచ్చు. డాష్‌బోర్డ్ మీది చివరి ఆరంకెలతో కలవకపోతే వేరే బండి ఇంజన్. ‘సీఈ’ అని మొదలైతే కంపెనీయే బదులుగా ఇచ్చిన బ్లాకు, ఆ వెంటనే వచ్చే అంకె సంవత్సరం. స్టాంపు అసలే లేకపోతే డెక్ మిల్లింగ్ (హెడ్ కూర్చునే పైభాగాన్ని చెక్కించడం) చేయించి ఉంటారు.

హ్యూస్టన్_సి10: వి1003, తర్వాత మూడక్షరాలు. సీరియల్ కలవడం లేదు.

బోరింగ్_బార్: అయితే తేలిపోయింది. సెప్టెంబరు 14, 1978న పోసి, అక్టోబరు 3న ఫ్లింట్‌లో బిగించిన 350. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక ఆయిల్ సీలు రెండు ముక్కలది. ఫ్లెక్స్‌ప్లేట్ బిగించే క్రాంక్ ఫ్లాంజ్ (చివరి బిళ్ల) మీది బోల్టుల వలయం 3.58 అంగుళాలు. 1986 నుంచి ఒకే ముక్క సీలు, 3.00 అంగుళాల వలయం, బరువు తగిలించిన ఫ్లెక్స్‌ప్లేట్. ‘350కి’ అని మాత్రమే చెప్పి కొంటే అది రావచ్చు, అసలు బిగియదు. ఫ్లెక్స్‌ప్లేట్ పళ్లు 153 ఉన్నాయో 168 ఉన్నాయో పాతదాన్ని లెక్కపెట్టి చూడండి, స్టార్టర్ దానికి తగ్గదే ఉండాలి.

డాలస్_వి8: నాదీ ఇలాంటి బండే. నంబరు 14010201. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) ప్యాసింజర్ వైపుంది. ఇదీ 350యేనా?

బోరింగ్_బార్: కాదండీ, 305. 350 అయితే ఆ కాలానికి 14010207 ఉండాలి. ఆఖరి అంకె ఇంకోసారి చూసుకోండి, తుప్పులో 1, 7 ఒకేలా కనిపిస్తాయి. డిప్‌స్టిక్ ఆ వైపుకు మారింది 1980 నుంచే, కాబట్టి కాలం సరిపోయింది. ప్లగ్ రంధ్రంలో పుల్ల పెట్టి స్ట్రోకు కొలవమని కొందరు చెబుతారు. ఇక్కడ దానితో పని లేదు, 305కీ 350కీ స్ట్రోకు 3.48యే. హెడ్ తీసి బోరు కొలవాలి: 305కి 3.736. సైజు పెంచి ఉంటే పిస్టన్ తల మీద 030 (అంటే 0.030 అంగుళం పెంచారని) లాంటి అంకె ఉంటుంది.

స్టాంప్_ప్యాడ్: హెడ్ నంబరు చూసి బ్లాకు పేరు చెప్పొద్దు, హెడ్లు చేతులు మారుతూనే ఉంటాయి. కానీ ఇన్‌టేక్ (హెడ్లకు గాలి, ఇంధనం అందించే భాగం) కొనేముందు అది తప్పనిసరి. వాల్వ్ కవర్ కింద 10239906 గానీ 12558062 గానీ ఉంటే వోర్టెక్ (తర్వాతి కాలపు షెవీ రకం) హెడ్లు, వాటికి ఎనిమిది బోల్టుల ఇన్‌టేక్ కావాలి. పాతవాటికి పన్నెండు.

హ్యూస్టన్_సి10: మెయిన్ క్యాప్‌లకు (క్రాంక్‌ను బ్లాకుకు పట్టి ఉంచే పట్టీలకు) నాలుగు బోల్టులా, రెండా? ఇది నంబర్లో తెలుస్తుందా?

బోరింగ్_బార్: 3970010లో రెండు రకాలూ ఉన్నాయి. ఆయిల్ ప్యాన్ దించి చూడాల్సిందే. టైమింగ్ కవర్ వెనక 010, 020 ఉంటే నికెల్ ఎక్కువని ధర పెంచేవాళ్లున్నారు, దానికి పైసా అదనంగా ఇవ్వకండి. ప్యాన్ ఎలాగూ దించుతారు కాబట్టి గ్యాస్కెట్ ముందే తెచ్చిపెట్టుకోండి. 1986కు ముందుదని అడగండి, వెనక వంపు తర్వాతివాటికి వేరు.