సంక్రాంతికి ఊరెళ్తే ఉప్పునీటి ట్యాంకులో నీళ్లు ఎవరు పోస్తారు? ఏటీఓ (ఆవిరైనంత మేర నీళ్లు దానంతటదే పోసే మిషన్) ఎంపికలో సాయం కావాలి

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

నమస్కారమండీ. మా ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి పద్నాలుగు నెలలైంది. ట్యాంకు, దాని కింద సంపు (ఫిల్టరు, పంపు ఉండే తొట్టి) కలిపి నీళ్లు 200 లీటర్ల దాకా ఉంటాయి. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, నాలుగైదు మెత్తటి కోరల్స్ ఉన్నాయి. ఆవిరైన మేరకు రోజూ పొద్దున్నే నేనే మగ్గుతో మంచినీళ్లు పోస్తున్నాను. సంక్రాంతికి ఆరు రోజులు ఊరెళ్లాలి. దసరాకి పక్కింటివాళ్లకి అప్పజెప్పి వెళ్తే, పాపం వాళ్లు రెండు రోజులు మర్చిపోయి మూడో రోజు ఒకేసారి బకెట్టు నిండా పోశారు. వచ్చేసరికి కోరల్స్ ముడుచుకుపోయి ఉన్నాయి. అందుకే ఈసారి ఏటీఓ కొందామనుకుంటున్నాను. నీళ్ల మీద తేలే ఫ్లోట్‌తో పనిచేసేవి, కాంతితో నీటిమట్టం పసిగట్టే ఆప్టికల్ సెన్సర్‌వి, రెండూ ఉన్నవి కనిపిస్తున్నాయి, ధరల్లో చాలా తేడా ఉంది. ఏది నమ్మొచ్చు? పంపు ఆగకుండా నీళ్లు పోసేస్తే ఎలా అన్నదే నా టెన్షన్.

జవాబు (విశాఖ నుంచి)

మీరు భయపడాల్సిన దాని గురించే భయపడుతున్నారండీ. ఏటీఓ నీళ్లు పోయడం మానేస్తే నష్టం నెమ్మదిగా వస్తుంది. ఆపడం మానేస్తే రాత్రికి రాత్రే వస్తుంది. అందుకే మిషన్ సంగతి పక్కన పెట్టి, ముందు అది నీళ్లు తోడుకునే డబ్బా ఎంతది ఉండాలో తేల్చుకోండి.

ఇలాంటి ట్యాంకుల్లో మామూలుగా ఉంచే ఉప్పదనం 35, అంటే లీటరుకు సుమారు 35 గ్రాములు. మీ 200 లీటర్లలో 7 కిలోల ఉప్పు ఉంటుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. 10 లీటర్లు తగ్గితే ఉప్పదనం 37 దగ్గరికి చేరుతుంది. ఇప్పుడు తిరగేసి చూడండి. ఏటీఓ మొండికేసి 40 లీటర్ల డబ్బా మొత్తం దింపేస్తే ఉప్పదనం 29కి పడిపోతుంది. డబ్బా 20 లీటర్లదే అయితే 32 దగ్గర ఆగుతుంది. ఆ మాత్రానికి చేపలు తట్టుకుంటాయి, కోరల్స్ ముడుచుకున్నా చాలావరకు తేరుకుంటాయి. ఏ సెన్సర్ పాడైనా డబ్బాలో లేని నీళ్లు ట్యాంకులోకి రావు కదా.

సంపులో రిటర్న్ పంపు (నీళ్లను తిరిగి పైన ట్యాంకులోకి తోడేది) ఉన్న అరలో నీటిమట్టం దగ్గర టేపు ముక్క అంటించి, వారం రోజులు కొలిచి పోయండి. మా ట్యాంకు కూడా దాదాపు మీ అంతదే. జనవరిలో రోజుకు రెండున్నర లీటర్లు పడుతుంది, మే నెలలో ఫ్యాన్లు పెడితే ఐదు దాటుతుంది. మీకూ అంతే అయితే ఆరు రోజులకు 15 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్ సరిపోతుంది. రిటర్న్ పంపు ఆపినప్పుడు పైనుంచి దిగే నీళ్లతో పాటు ఈ 20 లీటర్లు కూడా సంపులో పొర్లకుండా ఇముడుతాయో లేదో చూసుకోండి.

ఇక మిషన్. ఒక్క ఫ్లోట్ మీదే ఆధారపడేది వద్దు. మా ఇంట్లో నత్త ఒకటి ఎక్కి ఫ్లోట్‌ని కిందికి నొక్కి పట్టింది. నీళ్లు తగ్గాయనుకుని పంపు 25 లీటర్ల డబ్బా ఖాళీ అయ్యేదాకా తిరిగింది. పొద్దున లేచేసరికి హాలంతా నీళ్లు, నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఉప్పు పేరుకుపోయినా ఫ్లోట్ ఇలాగే బిగుసుకుంటుంది. ఆప్టికల్ సెన్సర్‌లో కదిలే భాగం ఉండదు కానీ బుడగలు తగిలినా, పాచి పట్టినా తప్పు చెబుతుంది. రోజువారీ పనికి ఆప్టికల్, దానికి పైన కాపలాగా విడిగా ఫ్లోట్, పంపు ఎంతసేపు తిరగాలో ఒక గడువు, ఈ మూడూ ఉన్నది తీసుకోండి. టున్జే ఆస్మోలేటర్ 3155 ఇలాంటిదే. పంపు ఏకధాటిగా 10 నిమిషాలు తిరిగితే ఆపేసి అలారం మోగిస్తుంది. అయితే గంటకు 120 లీటర్లు తోడే పంపు ఆ 10 నిమిషాల్లోనే 20 లీటర్లు పోసేస్తుంది. అందుకే చిన్న డబ్బా అని అంత గట్టిగా చెప్పాను.

గొట్టం చివర ఎప్పుడూ సంపు నీళ్లకు పైనే ఉండాలి. డబ్బాలో నీటిమట్టం గొట్టం చివరకంటే ఎత్తులో ఉంటే, పంపు ఆగినా సైఫన్ పట్టి నీళ్లు కారుతూనే ఉంటాయి. డబ్బా నేల మీదే పెట్టండి, గొట్టం మూతిని నిండు డబ్బా మట్టానికి పైన బిగించండి.

అడిగినవారు మళ్లీ

చాలా థాంక్సండీ. డబ్బా సంగతి నాకు అసలు తట్టలేదు. ఇంకో రెండు సందేహాలు. వంటింటి ఆర్వో నీళ్లే డబ్బాలో పోయొచ్చా? లేదా ఆర్వో గొట్టమే నేరుగా సంపుకి కలిపేస్తే డబ్బా గొడవే ఉండదు కదా?

జవాబు (వరంగల్ నుంచి)

నేరుగా కలపడం మాత్రం వద్దు తమ్ముడూ. అప్పుడు నీళ్లకు అంతన్నదే ఉండదు, పైన అన్న చెప్పిన లెక్క మొత్తం పోతుంది. వంటింటి ఆర్వోలో చాలావాటికి రుచి కోసం ఖనిజాలు కలిపే క్యాట్రిడ్జ్ ఉంటుంది. అవి ట్యాంకులో పేరుకుంటూ పోతాయి. చివర డీఐ ఫిల్టర్ (మిగిలిన లవణాలను కూడా తీసేసేది) ఉన్న ఆర్వో నీళ్లు వాడు, నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి.

ఇంకో విషయం. సెన్సర్ బాగానే ఉన్నా ముంచే పరిస్థితి ఒకటి ఉంది. ట్యాంకు పైన నీళ్లు సంపులోకి దిగే చోట ఉండే ఓవర్‌ఫ్లో పళ్లలో (దువ్వెన లాంటి సందుల్లో) పాచి ఇరుక్కుంటే నీళ్లు పైనే నిలిచిపోతాయి. సంపులో మట్టం తగ్గుతుంది. ఏటీఓ అది ఆవిరి అనుకుని పోస్తూనే ఉంటుంది, ట్యాంకు పొర్లుతుంది. బయల్దేరే ముందు ఆ పళ్లు బ్రష్‌తో శుభ్రంగా తోము. డబ్బాలో సున్నపు తేట కలపమని ఎవరైనా చెబితే ఈ ప్రయాణం అయ్యేదాకా ఆ జోలికి పోకు. ఏటీఓ ఎక్కువ పోస్తే పీహెచ్ ఒక్కసారిగా పైకి పోతుంది.

అడిగినవారు మళ్లీ

నాలుగు రోజులు కొలిచాను. సగటున 2.2 లీటర్లు. రెండు సెన్సర్లున్నది ఆర్డర్ పెట్టాను, పండక్కి మూడు వారాల ముందే వస్తుంది.

జవాబు (విశాఖ నుంచి)

చాలా మంచిది. రాగానే గొట్టం చివర బకెట్లో పెట్టి, ఆప్టికల్ సెన్సర్‌ని నీళ్ల పైకి ఎత్తి పట్టుకోండి. పంపు ఎన్ని నిమిషాలకు ఆగిందో, ఆలోగా బకెట్లో ఎన్ని లీటర్లు పడ్డాయో రాసుకోండి. తర్వాత మిషన్‌ని మళ్లీ ఆన్ చేసి, సెన్సర్ ఎత్తే ఉంచి, పంపు తిరుగుతుండగా పై ఫ్లోట్‌ని వేలితో లేపండి, పంపు వెంటనే ఆగాలి. ఆగకపోతే బిగించకుండా వెనక్కి పంపేయండి. మీరు ఇంట్లో ఉన్నప్పుడే రెండు వారాలు నడిపి, రోజూ రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పదనం చూస్తూ ఉండండి.