పాత పీసీతో టీవీ రికార్డింగ్, ఏ కార్డు కొనాలి?

ప్రశ్న: అందరికీ నమస్తే. మా నాన్నకి డీడీ యాదగిరిలో వ్యవసాయం ప్రోగ్రాములంటే ప్రాణం, కానీ ఆ టైముకి పొలం దగ్గరే ఉంటారు, అందుకే రికార్డు చేసి పెడదామని. పాత ఐ3 పీసీ, 1 టీబీ హార్డ్‌డిస్కు ఉన్నాయి, డాబా మీద ఫ్రీ డిష్ (దూరదర్శన్ ఉచిత డీటీహెచ్) గొడుగు ఉంది. ఏం కొనాలి? పెయిడ్ డీటీహెచ్ కూడా రికార్డవుతుందా?

రిప్లై 1: డీవీబీ-ఎస్2 ట్యూనర్ కార్డు, అంటే గొడుగు సిగ్నల్‌ని పీసీలోకి తీసుకునే కార్డు చాలండి. పీసీలో విండోస్ బదులు లైనక్స్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, కొనేముందు అందులో ఆ కార్డుకి డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ఉందో లేదో చూసుకోండి, అదే అసలు తలనొప్పి. రికార్డింగ్‌కి టీవీహెడ్‌ఎండ్, చూడటానికి కోడి అనే సాఫ్ట్‌వేర్లు వాడండి, రెండూ ఫ్రీ. గొడుగు జీశాట్-15 ఉపగ్రహం వైపు, అంటే 93.5 డిగ్రీల తూర్పుకి ఉండాలి, మీది ఎలాగూ అటే ఉంటుంది. పెయిడ్ డీటీహెచ్ ఎన్‌క్రిప్ట్ అయి (తాళం వేసినట్టు) వస్తుంది, కార్డుతో కుదరదు.

రిప్లై 2: ఒకటి గుర్తుపెట్టుకో తమ్ముడూ, ఒకే కేబుల్‌ని మామూలు స్ప్లిటర్‌తో సెట్‌టాప్ బాక్సుకీ పీసీకీ పంచకు. ఎల్‌ఎన్‌బీకి (గొడుగు ముందు సిగ్నల్ పట్టే భాగం) 13 వోల్టులు వెళ్తే ఒక పోలరైజేషన్ (నిలువు లేదా అడ్డం తరంగాలు), 18 వెళ్తే ఇంకోటి, రెండు డబ్బాలు చెరోటి అడిగితే సగం ఛానెళ్లు మాయం. నేను వారం రోజులు డాబా ఎక్కి దిగి గొడుగు తిప్పుతూనే ఉన్నా, చివరికి రెండు అవుట్‌పుట్ల ఎల్‌ఎన్‌బీ మార్చి రెండో కేబుల్ లాగితే గానీ సెట్ అవలేదు. హార్డ్‌డిస్కులో స్పేస్‌కి భయం లేదు, 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) ఛానెల్ గంటకి 1.8 జీబీ అంతే. ప్రోగ్రాముకి ముందు 5, వెనక 10 నిమిషాలు ఎక్స్‌ట్రా పెట్టు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, ఆదివారం ఎల్‌ఎన్‌బీ మార్చేస్తా.