జర్మనీకి నా సైకిల్ తీసుకెళ్లాలి, కొరియర్ వాళ్లు దాదాపు సైకిల్ ధరంత అడుగుతున్నారు, వేరే దారి ఉందా?

పటమట కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. జర్మనీలో ఎమ్మెస్ సీటు వచ్చింది, క్లాసులు అక్టోబర్‌లో మొదలు, సెప్టెంబర్ మధ్యలో హైదరాబాద్ నుంచి బయల్దేరాలి. టికెట్ ఇంకా తీయలేదు. నా బెంగంతా సైకిల్ గురించే. నాలుగేళ్ల కిందట 32 వేలకు కొన్న హైబ్రిడ్ సైకిల్, సగం డబ్బు నాన్న ఇచ్చారు, మిగతా సగం ట్యూషన్లు చెప్పి నేను కూడబెట్టాను. ఆదివారం వస్తే తెల్లారకముందే లేచి బ్యారేజీ దాటి కరకట్ట మీదుగా అమరావతి దాకా వెళ్లొచ్చేవాణ్ణి. అమ్మేసి వెళ్లమని ఇంట్లో అంటున్నారు కానీ మనసు ఒప్పడం లేదు.

నిన్న బందరు రోడ్డులో ఒక కొరియర్ ఆఫీసుకి వెళ్లి అడిగాను. సైకిల్ 14 కిలోలు, అట్టపెట్టెతో కలిపి 17 అవుతుందని చెప్పాను. ఆయన పెట్టె కొలతలు అడిగి, కాలిక్యులేటర్ నొక్కి, 45 కిలోలకు బిల్లు పడుతుంది, 29 వేలు అన్నారు. 17 కిలోలకు 45 కిలోల డబ్బు ఎందుకని అడిగితే ‘అది అంతేనండి, వాల్యూమ్’ అన్నారు. ఓడలో అయితే చవక అని ఒకరు, పోస్టాఫీసులో వేసేయమని మా బాబాయ్, ఫ్లైట్లో నీతోనే పట్టుకుపో అని ఫ్రెండ్, తలా ఒకటి చెబుతున్నారు. నిజంగా దేశం దాటించి సైకిల్ చేర్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నా బడ్జెట్ 10 వేలు, ఇంకో రెండు మూడు వేలు ఎక్కువైనా సర్దుకుంటాను.

గవర్నర్‌పేట కార్గో

తమ్ముడూ, నేను పదకొండేళ్లు కార్గో బుకింగ్‌లో పనిచేశాను. ఆయన నిన్ను మోసం చేయలేదు, విడమరిచి చెప్పలేదు అంతే. విమానంలో పోయే సరుకుకి అసలు బరువూ చూస్తారు, అది ఎంత చోటు తింటుందో కూడా చూస్తారు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. కొరియర్ లెక్క ఏంటంటే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం. మామూలు సైకిల్ పెట్టె 140, 80, 20 ఉంటుంది, గుణిస్తే 2,24,000, భాగిస్తే 44.8. అదే నీ 45 కిలోలు. ఇంకో సంగతి, పెట్టె మధ్యలో ఉబ్బితే ఉబ్బిన చోటే టేపు పెడతారు. హ్యాండిల్ సరిగ్గా తిప్పక 20 సెంటీమీటర్లు కాస్తా 25 అయిందంటే బిల్లు 56 కిలోలకు పోతుంది. అయిదు సెంటీమీటర్లకు పదకొండు కిలోలు! కౌంటర్ ముందే పెట్టె విప్పి, చెమటలు కక్కుతూ మళ్లీ సర్దుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను, వాళ్లని చూస్తే బాధేసేది.

పోస్టాఫీసు దారి నీకు పనికిరాదు. విదేశీ పార్సిల్‌కి పొడవూ చుట్టుకొలతా కలిపి ఎంత ఉదారంగా చూసినా 3 మీటర్లు దాటకూడదు. నీ పెట్టె పొడవు 140, చుట్టూ కొలిస్తే 200, మొత్తం 340.

ఓడ గురించి చాలామంది పొరబడేది ఇక్కడే. నీ పెట్టె క్యూబిక్ మీటరులో పావు వంతు కూడా లేదు, అయినా ఏజెంట్లు చాలామంది కనీసం ఒక క్యూబిక్ మీటరుకు లెక్క కడతారు. ఆ చెప్పే రేటు కూడా చెన్నై రేవు నుంచి హాంబర్గ్ రేవు వరకే. అక్కడ దించినందుకు, గోదాములో పెట్టినందుకు, కస్టమ్స్ కాగితాలు నడిపినందుకు విడిగా యూరోల్లో బిల్లు వస్తుంది, అది ఇక్కడ కట్టిన దానికన్నా ఎక్కువ అవడం మామూలే. ఇల్లు మొత్తం ఎత్తుకుపోయేవాళ్లకు ఓడ చవక. ఒక్క సైకిల్‌కి కాదు.

ఇంకొకటి ఉంది, అన్‌ఎకంపనీడ్ బ్యాగేజ్ అంటారు. నీ పాస్‌పోర్ట్, టికెట్ చూపించి నీ పేరు మీదే ఎయిర్ కార్గోలో వేయడం. కార్గోలో మామూలుగా 6000తో భాగిస్తారు కాబట్టి అదే పెట్టె 37.3 కిలోలకు దిగుతుంది, కిలో రేటు కూడా మామూలుగా కొరియర్ కంటే తక్కువే ఉంటుంది. కాకపోతే ఇక్కడ క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, అటువైపు కార్గో గోదాముకి నువ్వే వెళ్లి విడిపించుకోవడం, ఆ తిరుగుడు ఉంటుంది. నువ్వు ఎలాగూ విమానం ఎక్కుతున్నావు కదా, నీతోపాటు చెక్‌ఇన్ లగేజీగా పట్టుకుపో. సైకిల్ విడిగా ప్రయాణం చేసిందంటే దాని ఖర్చు దానిదే అవుతుంది.

బ్రాడీపేట అమ్మాయి, ఇప్పుడు జర్మనీ

మాది గుంటూరు, ఇక్కడికి వచ్చి ఆరేళ్లయింది. పై ఆయన చెప్పింది కరెక్టే కానీ ముందు ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నిజంగా తేవాలా? ఇక్కడ క్లైన్‌అన్‌త్సైగెన్ అనే సైట్లో వాడిన సైకిళ్లు 100, 150 యూరోలకు దొరుకుతాయి, చదువు అయిపోయి వెళ్లిపోయేవాళ్లు అమ్ముతుంటారు. పైగా ఇక్కడ రోడ్డెక్కాలంటే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రిఫ్లెక్టర్లు, బెల్లు, విడివిడిగా పనిచేసే రెండు బ్రేకులు చట్టప్రకారం ఉండాలి, మన దగ్గర కొన్నవాటికి లైట్లు రావు కాబట్టి అవి కొని బిగించుకోవాలి. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, చైన్ తుడవకపోతే వారంలో ఎర్రగా తుప్పు పడుతుంది. దొంగతనాలు కూడా ఉన్నాయి, నా మొదటి సైకిల్ స్టేషన్ బయట స్టాండులోనే పోయింది, పొద్దున వెళ్లేసరికి కోసేసిన తాళం మాత్రం కింద పడి ఉంది. డబ్బు లెక్క ఒక్కటే చూసుకుంటే ఇక్కడే కొనుక్కో.

పటమట కుర్రాడు

అక్కా, మీరు చెప్పింది అర్థమైంది, కాలేజీకి వెళ్లిరావడానికి అలాంటిదే ఒకటి కొనుక్కుంటానేమో. ఇది మాత్రం దూరం తొక్కడానికి. రైన్ నది వెంబడి ఆల్ప్స్ నుంచి సముద్రం దాకా యూరోవెలో 15 అనే సైకిల్ దారి ఉంది కదా, రెండేళ్లలో ముక్కలు ముక్కలుగా అయినా అది పూర్తి చేయాలని నా కోరిక. సీటు ఎత్తు, హ్యాండిల్ అన్నీ నాకు సరిపడేలా నాలుగేళ్లు సర్దుకున్న సైకిల్ ఇది, వంద కిలోమీటర్లు తొక్కినా నడుము నొప్పి రాదు.

అయితే లగేజీగానే తీసుకెళ్తాను. గన్నవరంలో ఎక్కితే ఇంటికి దగ్గర, అక్కడి నుంచే చెక్‌ఇన్ చేయొచ్చా? పెట్టెలో పెట్టి కట్టడం నాకు రాదు, అదీ టెన్షన్‌గానే ఉంది.

గుంటూరు రైడర్

అలా చెప్పావు బాగుంది తమ్ముడూ, అయితే తీసుకెళ్లాల్సిందే. నేను సైకిల్‌తో రెండుసార్లు బయటి దేశం వెళ్లాను, ఒకసారి శ్రీలంక, ఒకసారి ఫ్రాన్స్. చేసిన తప్పులతో సహా చెబుతాను.

అన్నిటికంటే ముందు, టికెట్ తీయకముందే ఆ విమాన సంస్థ సైట్లో క్రీడా సామగ్రి పేజీ చదువు. కొందరు సైకిల్‌ని నీకిచ్చే 23 కిలోల బ్యాగుల్లో ఒకటిగా లెక్కేస్తారు, కొందరు సైకిల్‌కి ఇంత అని విడిగా తీసుకుంటారు, ఆ తేడా వేలల్లో ఉంటుంది. అలాంటి రూల్ లేని టికెట్ అయితే మామూలు బ్యాగు కొలతే వర్తిస్తుంది, అంటే మూడు వైపులూ కలిపి 158 సెంటీమీటర్లు, నీ పెట్టె 240, అప్పుడు ఓవర్‌సైజ్ ఛార్జీ బాదుతారు. నాలుగైదు వేలు చవక అని టికెట్ తీసి సైకిల్‌కి అంతకు రెండింతలు కట్టినవాళ్లు మా గ్రూపులోనే ఉన్నారు. స్టూడెంట్ ఫేర్ అడుగు, చాలా సంస్థలు ఒక బ్యాగు అదనంగా ఇస్తాయి, ఆ బ్యాగు స్థానంలో సైకిల్ పెట్టొచ్చేమో కనుక్కో. టికెట్ ఒకరి పేరుతో అమ్మి విమానం ఇంకొకరు నడిపేవి ఉంటాయి, అలాంటప్పుడు ఎవరి రూల్ పడుతుందో ముందే తేల్చుకో. బుక్ చేశాక ఫోన్ చేసి సైకిల్ ఉందని నమోదు చేయించు, మెయిల్లో రాతపూర్వకంగా తెప్పించుకుని ప్రింటు జేబులో పెట్టుకో. ఒక్కో విమానంలో ఇన్నే సైకిళ్లని పరిమితి ఉంటుంది.

గన్నవరం నుంచి వద్దు. అక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లేవాటిలో చిన్న ఏటీఆర్ విమానాలు ఉంటాయి, వాటి సామాను తలుపులో ఇంత పెట్టె దూరకపోవచ్చు. పైగా రెండు టికెట్లు విడివిడిగా తీస్తే దేశంలో తిరిగే విమానానికి 15 కిలోలే, మళ్లీ అదొక ఖర్చు. బస్సు డిక్కీలో వేసుకుని హైదరాబాద్ వెళ్లు. కాకపోతే ముందురోజే డిపోలో పెట్టె కొలత చెప్పి మాట్లాడుకో, పెట్టె మీద ఇంకే బ్యాగులూ పడకుండా పక్కన నిలబడి చూసుకో.

ఇక సర్దడం. పెట్టె కొనకు, ఏ సైకిల్ షాపులో అడిగినా కొత్త సైకిల్ వచ్చిన అట్టపెట్టె ఊరికే ఇస్తారు, లేదంటే వందో రెండొందలో. ముందు పెడల్స్ ఊడదీయి. ఇక్కడ అందరూ తిప్పలు పడతారు, ఎందుకంటే ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. రెండు పెడల్స్‌కీ గుర్తు ఒకటే, స్పానర్ పై వైపు ఉంచి సైకిల్ వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది. ముందు చక్రం తీసేస్తే దాన్ని పట్టుకునే ఫోర్కు రెండు కాళ్ల మధ్య ఖాళీ వస్తుంది, ఆ మధ్యలో అడ్డుపుల్ల లేకపోతే పైన బరువు పడినప్పుడు కాళ్లు దగ్గరకు నొక్కుకుపోతాయి. కొత్త సైకిళ్లకు అక్కడ చిన్న ప్లాస్టిక్ ముక్క బిగించి వస్తుంది, షాపువాళ్లు దాన్ని పారేస్తారు, అడిగి తీసుకో. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టు. సీటు రాడ్ తీసి, హ్యాండిల్ విప్పి ఫ్రేముకి పక్కగా కట్టు. సీటు ఎత్తు ఎక్కడుందో ముందే రాడ్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకో, నాలుగేళ్లు సర్దుకున్న కొలత పోకూడదు కదా.

నాకు దెబ్బ తగిలింది వెనక గేరు దగ్గర. శ్రీలంకకి వెళ్లినప్పుడు డిరేలర్, అంటే చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం, అలాగే వదిలేశాను. పెట్టె ఆ వైపుకి పడింది కాబోలు, దిగి చూస్తే దాన్ని ఫ్రేముకి పట్టే హ్యాంగర్, మన చిటికెన వేలంత అల్యూమినియం ముక్క, లోపలికి వంగిపోయింది. గేరు మారిస్తే చైన్ చక్రం పుల్లల్లోకి పోతోంది. ఆ ముక్క ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం, రెండు రోజులు ఊరంతా తిరిగినా దొరకలేదు, చివరికి ఒక పెద్దాయన వర్క్‌షాపులో పట్టుకారుతో కొంచెం కొంచెంగా సరిచేసి ఇచ్చాడు, డబ్బు కూడా తీసుకోలేదు. అందుకని డిరేలర్ విప్పి, చైన్‌తోపాటు బట్టలో చుట్టి ఫ్రేము లోపలికి కట్టేయి. నీ మోడల్ హ్యాంగర్ ఇంకొకటి ఇక్కడే కొని పట్టుకెళ్లు, జర్మనీలో మన దేశపు మోడల్‌కి వెతుక్కోవడం కష్టం.

టైర్లలో గాలి సగానికి పైగా తీసేయి. గాలి నింపే చిన్న గ్యాస్ సిలిండర్లు పెట్టొద్దు. లైట్ల బ్యాటరీలు, పవర్‌బ్యాంక్ నీ చేతి బ్యాగులోకి. స్పానర్లు మాత్రం పెట్టెలోనే ఉండాలి, చేతి బ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గర వదిలేయాల్సి వస్తుంది. ఖాళీలున్నాయని పుస్తకాలూ పచ్చళ్లూ కుక్కేయకు, పెట్టె మొత్తం టికెట్లో ఇచ్చిన బరువు లోపలే ఉండాలి, డబ్బు కట్టినా 32 కిలోలు దాటితే సాధారణంగా తీసుకోరు. ఒక టేపు చుట్ట చేతిలో ఉంచుకో, తనిఖీకి తెరిపిస్తే మళ్లీ నువ్వే అంటించుకోవాలి.

బ్రాడీపేట అమ్మాయి, ఇప్పుడు జర్మనీ

సరే తమ్ముడూ, యూరోవెలో అంటే నేనూ ఒప్పుకుంటాను. కస్టమ్స్ సంగతి నేను చెబుతా. కొరియర్లో వచ్చే సైకిల్‌కి ఇక్కడ సుంకం, దాని మీద 19 శాతం వ్యాట్ అడిగే అవకాశం ఉంది, నీ సొంతదే, పాతదే అని నువ్వు కాగితాలతో నిరూపించుకోవాలి. నీతో తెచ్చుకుంటే చాలా సులువు. విమానంలో వచ్చేవాళ్లకు 430 యూరోల విలువ వరకు సుంకం లేదు, అది కాక నివాసం మారి వచ్చేవాళ్లు కనీసం ఆరు నెలలుగా వాడుతున్న సొంత వస్తువులు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, చదువుకోవడానికి వచ్చేవాళ్లకు కూడా మినహాయింపు ఉంది. బిల్లు, అడ్మిషన్ లెటర్, నువ్వు ఆ సైకిల్ మీద ఉన్న పాత ఫొటో ఫోన్లో పెట్టుకో. తెచ్చాక ఏడాదిలోపు మాత్రం ఎవరికీ అమ్మకు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక బ్యాగులు వచ్చే బెల్టు దగ్గర దాని కోసం ఎదురుచూడకు. పెద్ద సామాను ‘ష్పెర్‌గెపెక్’ అని రాసి ఉన్న చోట విడిగా వస్తుంది. మొదటిసారి మా ఆయన కీబోర్డు పెట్టె కోసం బెల్టు దగ్గరే గంట నిలబడ్డాం.

గవర్నర్‌పేట కార్గో

ఒకటి మర్చిపోయాను. శంషాబాద్‌లో చెక్‌ఇన్‌కి ముందే కస్టమ్స్ కౌంటర్లో సైకిల్ చూపించి, ఫ్రేము నంబరు రాయించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకో. తిరిగొచ్చేటప్పుడు అది ఇక్కడి నుంచి వెళ్లిందే అనడానికి అదే రుజువు, లేకపోతే దిగుమతి సుంకం అడగొచ్చు. ఫ్రేము నంబరు పెడల్స్ దగ్గర అడుగున కొట్టి ఉంటుంది, పెట్టెలో పెట్టకముందే ఫొటో తీసుకో. ఆ కౌంటర్‌లో పని అయ్యేదాకా పెట్టె మూయకు, గంట ముందు వెళ్లు.

పటమట కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. టికెట్ తీశాను. స్టూడెంట్ ఫేర్‌లో రెండు బ్యాగులు, ఒక బ్యాగు బదులు సైకిల్, పెద్ద పెట్టె అని పైన 7,400 కట్టించుకున్నారు, మెయిల్ కూడా వచ్చింది. ఏలూరు రోడ్డులో మా సైకిల్ షాపు అన్న పెట్టె, ఫోర్కు ముక్క ఊరికే ఇచ్చాడు, హ్యాంగర్ 450కి తెప్పిస్తానన్నాడు. నిన్న రాత్రి నాన్నా నేనూ హాల్లో దుప్పటి పరిచి ఒకసారి సర్ది చూశాం. ఎడమ పెడల్ అరగంట ఊడలేదు, నాన్న ఇనప గొట్టం తెచ్చి స్పానర్‌కి తొడిగి వెనక్కి లాగితే కదిలింది. పెట్టె 138, 76, 20, బరువు 17.8. ఉబ్బలేదు. సీటు రాడ్ మీద గుర్తుకి ఎర్ర టేపు నాన్నే చుట్టారు.