పుష్కర ఘాట్ల మీద డ్రోన్లు: రాడార్ పెట్టాలా, వద్దా?

కోటిలింగాల రేవు:
2027 గోదావరి పుష్కరాలకు రాజమహేంద్రవరం ఘాట్ల దగ్గర డ్రోన్లను పసిగట్టే రాడార్లు పెట్టి తీరాలన్నది నా వాదన. 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజే, తొక్కిసలాటలో 27 మంది పోయారు. అలాంటి జనసందోహం మీద ఒక్క డ్రోన్ కూలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? 2021 జూన్‌లో జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతోనే పేలుడు పదార్థాలు జారవిడిచారు. 2018 డిసెంబరులో డ్రోన్ కనబడిందన్న కబురుకే లండన్ గాట్విక్ విమానాశ్రయంలో వెయ్యి విమానాల దాకా ఆగిపోయాయి. మన డీఆర్‌డీఓ తయారుచేసిన డ్రోన్ నిరోధక వ్యవస్థ ఉండనే ఉంది. తెచ్చి పెట్టడానికి ఇంకా మీనమేషాలు ఎందుకు?

అమలాపురం స్టూడియో:
రేవు గారూ, మీ ఆందోళన న్యాయమైనదే, మీరు అడుగుతున్న పరికరమే సరైనది కాదు. బజారులో దొరికే డ్రోన్లలో చాలావరకు 2.4 లేదా 5.8 గిగాహెర్ట్జ్‌లో రిమోట్‌తో మాట్లాడుతుంటాయి. ఆ సంకేతాన్ని వినే రిసీవర్ పెడితే అది ఏ రకం డ్రోనో తెలుస్తుంది. కొన్నిటి విషయంలో ఎగరేసేవాడు ఎక్కడ నిలబడ్డాడో కూడా తెలుస్తుంది. రాడార్‌లో చుక్క కనిపిస్తుంది, మనిషి కనిపించడు. పోలీసులకు కావలసింది మనిషే కదా. పెళ్లిళ్లకు డ్రోన్లు ఎగరేసి బతికేవాళ్లం. రాడార్ అంటూ వస్తే మొదట మా మీదే పడతారన్న భయం కూడా ఉందనుకోండి.

రిటైర్డ్ రాడార్ మెకానిక్:
ఇద్దరూ చెరి సగం చెబుతున్నారు.

ముందు స్టూడియో గారికి. దారి ముందే నిర్దేశించి వదిలిన డ్రోన్‌కు రిమోట్‌తో పనిలేదు. ఉక్రెయిన్ యుద్ధంలోనైతే సన్నని ఆప్టికల్ ఫైబర్ తీగను వెనక విప్పుకుంటూ పోయే డ్రోన్లు వచ్చాయి. వాటి నియంత్రణకు రేడియో సంకేతమే అక్కర్లేదు, ఇక మీ రిసీవర్ వినేదేమిటి? మామూలు డ్రోన్‌ను సైతం ఘాట్‌లోని లక్షల ఫోన్ల హోరులో ఏరుకోవాలి. నోరు మెదపని డ్రోన్‌ను రాత్రయినా దూరం నుంచి పట్టాలంటే రాడార్‌కు సాటి వచ్చేది తక్కువ.

ఇక రేవు గారికి. రాడార్ లెక్కలో లక్ష్యం సైజు అంటే అది తరంగాన్ని ఎంత తిప్పి పంపుతుందన్న కొలత. చిన్న క్వాడ్‌కాప్టర్ (నాలుగు ఫ్యాన్ల డ్రోన్) ఆ లెక్కలో సుమారు 0.01 చదరపు మీటరు లక్ష్యం. లక్ష్యం వందో వంతుకు తగ్గితే చూపు దూరం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. అంటే 1 చదరపు మీటరు లక్ష్యాన్ని 20 కిలోమీటర్ల నుంచి చూసే రాడార్, ఈ డ్రోన్‌ను సుమారు 6 కిలోమీటర్లకు వస్తేగాని చూడదు. సెకనుకు 15 మీటర్ల చొప్పున వచ్చే డ్రోన్‌కు ఆ దూరం ఏడు నిమిషాల పని. అదీ నది మీదుగా, అడ్డం లేకుండా వస్తే. కొబ్బరి తోటల చాటున చెట్ల ఎత్తులో వస్తే అంత వ్యవధి కూడా ఉండదు. నీటి మీద పడి తిరిగొచ్చే తరంగం నేరుగా వచ్చిన తరంగంతో కలిసి, తక్కువ ఎత్తులో ఉన్న లక్ష్యాన్ని ఒకసారి చూపించి ఒకసారి మాయం చేస్తుంది కూడా.

అసలు చిక్కు ఇదీ కాదు. కొంగ కూడా దాదాపు అంతే లక్ష్యం.

ఉండి చెరువుగట్టు:
పక్షుల సంగతి చేపల రైతులను అడగండి. కొంగలు, నీటికాకులు, గద్దలు, కొల్లేరు వైపు నుంచి గూడబాతులు. పుష్కరాల రోజులంటే తొలకరి, సార్వా దమ్ములు. ట్రాక్టర్ వెనక కొంగల గుంపు లేని చేను ఉంటుందా? పొద్దుగూకితే గబ్బిలాలు. ఇవి చాలవన్నట్టు ఇప్పుడు ఊరూరా మందు పిచికారీ డ్రోన్లు, నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు ఇచ్చినవి కూడా. రాడార్ సరిగ్గా పనిచేసినా రోజంతా మోగుతూనే ఉంటుంది.

కోటిలింగాల రేవు:
పక్షికీ డ్రోన్‌కూ తేడా కనిపెట్టే పద్ధతి లేదా? మైక్రో డాప్లర్ అనేది ఉందని చదివాను.

రిటైర్డ్ రాడార్ మెకానిక్:
ఉంది, మంచి పద్ధతే. డ్రోన్ ఒళ్లు ఒక వేగంతో కదులుతుంటే దాని ఫ్యాన్ రెక్కలు మరో వేగంతో తిరుగుతాయి. ఆ తేడా తిరిగొచ్చే తరంగంలో కనిపిస్తుంది, మైక్రో డాప్లర్ అంటే అదే. 24 సెంటీమీటర్ల ఫ్యాన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే రెక్క కొస సెకనుకు 75 మీటర్ల వేగంతో కదులుతుంది. రెండు రెక్కలు కాబట్టి సెకనుకు 200 మెరుపులు. కొంగ రెక్కలు సెకనుకు కొన్నిసార్లే ఆడతాయి. ఈ రెండు గుర్తులూ ఎక్కడా కలవవు.

అయితే ఆ రెక్కలు ప్లాస్టిక్‌వి. వాటి నుంచి తిరిగొచ్చే తరంగం ఒంటి నుంచి వచ్చేదానికంటే చాలా బలహీనం. ఆరు కిలోమీటర్ల దగ్గర చుక్క కనిపించినా, అది డ్రోనే అని తేలడానికి ఇంకా బాగా దగ్గరికి రావాలి. గిరగిరా తిరిగే యాంటెన్నా అయితే ఒక్కో దిక్కున నిలిచేది క్షణకాలమే, ఆ కాస్త వ్యవధిలో రెక్కల గుర్తు చిక్కదు. ఒకేవైపు రెప్పవేయకుండా చూసే రాడార్ కావాలి, దాని ధర వేరు. గాలిలో కదలకుండా నిలిచిన డ్రోన్‌ను కూడా పట్టేది ఈ రెక్కల గుర్తే. నెమ్మదిగా కదిలేవాటిని చెట్లుగా జమకట్టి వదిలేసే రాడార్లకు అది అసలు కనబడదు. ఇంకొకటి, ఘాట్ పందిళ్లలో తిరిగే ఫ్యాన్లకూ అలాంటి గుర్తే ఉంటుంది! ఆర్చి వంతెన మీద రైలు పోతున్నంతసేపూ దాని నుంచి వచ్చే భారీ తరంగం పక్కన ఉన్న చిన్నవాటిని మింగేస్తుంది.

కాబట్టి నా మాట: రాడార్ కావాలి, కానీ కాగితం మీది కిలోమీటర్లు చూసి కొనవద్దు. ఈ రేవుల దగ్గరే, పక్షులు గూళ్లకు చేరే వేళ, వాన పడుతుండగా, రైళ్లు నడుస్తుండగా పరీక్షించాలి. ఎన్ని డ్రోన్లను పట్టిందని ఒక లెక్క, గంటకు ఎన్ని కొంగలను డ్రోన్లన్నదని ఇంకో లెక్క. రెండో లెక్క ఇవ్వనివాళ్లను గుమ్మం దగ్గరే ఆపాలి. రాడార్ చూపించిన చుక్కను నిర్ధారించడానికి కెమెరా, స్టూడియో గారి రిసీవర్ రెండూ పక్కన ఉండాల్సిందే.

ఉండి చెరువుగట్టు:
పన్నెండు రోజుల పండగకు ఇన్ని హంగులా? ఆ డబ్బుతో ఘాట్ల మెట్లు వెడల్పు చేయించండి. 2015లో జనం పోయింది డ్రోన్ వల్ల కాదు.

కోటిలింగాల రేవు:
అది వద్దని ఎవరన్నారు? రెండూ చేయాలి.

అమలాపురం స్టూడియో:
మెకానిక్ గారూ, పట్టారు సరే, తరవాత? జామర్ వేసి వాటి రేడియో సంకేతాన్ని అడ్డుకుంటే కొన్ని దిగిపోతాయి, కొన్ని వెనక్కి పోతాయి, కొన్ని ఉన్నచోటే కూలతాయి. కింద స్నానాలు చేసే జనం.

రిటైర్డ్ రాడార్ మెకానిక్:
అందుకే జనం మీదికి రాకముందే, నది మధ్యలో ఉండగానే నిర్ణయం జరగాలి. రాడార్ ఇచ్చేది ఆ కాస్త సమయమే. హెచ్చరిక కంట్రోల్ రూముకే వెళ్లాలి, ఘాట్‌లో సైరన్ మోగకూడదు. మోగిందా, కొంగ వల్లే తొక్కిసలాట అవుతుంది. కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు కూడా ఒకటి ఉండాలి. ఇవతలి గట్టు నుంచి చూస్తే అవతలి చెట్ల వెనక ఏముందో కనపడదు.

అమలాపురం స్టూడియో:
ఆ పరీక్షకు డ్రోన్లు ఎగరేసేవాళ్లు కావాలంటే మావాళ్లు వస్తారు, పోలీసుల అనుమతి ఉంటేనే. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లు కూడా తెస్తాం, వాటిని పడితేనే పట్టినట్టు. ఒక్కటే షరతు: ఏ రేవు నుంచి, ఏ వేళకు లేపుతామో రాడార్ అమ్మేవాళ్లకు ముందుగా తెలియకూడదు.