ఆడపిల్లలు కలిసి కుడుతున్న బొంతకు సలహా కావాలి

అందరికీ నమస్కారం. మా ఊరి హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు కలిసి ఒక బొంత కుడుతున్నారు. నవంబరు 26, రాజ్యాంగ దినోత్సవం నాటికి బడిలో వేలాడదీయాలని వాళ్ల కోరిక. 1949లో ఆ రోజునే రాజ్యాంగాన్ని ఆమోదించారు కదా, అందుకే పీఠికలోని న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం మధ్యలో కుట్టి, చుట్టూ ఒక్కొక్కరు తమ మాట కుడతారట. ‘అన్నయ్య కూడా గిన్నెలు తోమాలి’ అని ఒకమ్మాయి రాసుకొచ్చింది. సమానత్వాన్ని అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు!

ఎవరింటి గుడ్డ వాళ్లు తెచ్చారు. అమ్మ నేత చీర, నాన్న లుంగీ, పాలిస్టర్ ఓణీ, అన్నీ అడుగు చదరం ముక్కలు. ఇక్కడే టెన్షన్. నూలు ముక్కను పాలిస్టర్ పక్కన కుడితే అతుకు దగ్గర ముడతలు పడుతున్నాయి. ఎర్ర నేత గుడ్డ తడిస్తే రంగు వదులుతోంది. ఉప్పునీళ్లలో నానబెట్టాం, పెద్దగా తగ్గలేదు. పాలిస్టర్ ముక్కలు తీసేద్దామంటే మనసొప్పడం లేదు. ఆ పిల్లల ఇళ్లలో ఉన్నవి అవే. సమానత్వం మీద బొంత కుడుతూ, నీ గుడ్డ పనికిరాదని ఏ పిల్లకైనా ఎలా చెప్పను?

బొంతలు కుట్టే అలవాటున్న అమ్మలు, అక్కలు, దర్జీ అన్నలు దయచేసి చెప్పండి. పలచటి ముక్క వెనక ఇంకో నూలు గుడ్డ వేసి కుడితే సర్దుకుంటుందా? రంగు ఆగడానికి ఏం చేయాలి? అక్షరాలకు గొలుసు కుట్టు మంచిదా, కాడ కుట్టా? ‘సౌభ్రాతృత్వం’లో ఒత్తులన్నీ కలిసిపోయి ముద్దగా కనిపిస్తున్నాయి. అక్షరం కనీసం ఎంత ఎత్తు ఉండాలి?